తాళం చెవి

హడర్స్‌ఫీల్డ్‌లో మొదటి ఏడు.
నేలమాళిగలో సాధన గదులు పద్నాలుగు.
మెట్ల పైన బల్ల దగ్గర ఆక్రాయిడ్ గారు
సంతకం పెట్టించుకుని తాళం చెవి ఇచ్చేవాడు,
అరచేయంత పసుపు చెక్కకి కట్టి,
మరిచిపోయి జేబులో ఇంటికి తీసుకుపోకుండా.

నాది పదకొండు.
వయోలా. "వయొలినా?" అంటారు అందరూ.
కాదు, దాని పెద్దక్క. గొంతు కాస్త బొంగురు,
పెళ్ళి ఫోటోలో వెనక వరసలో నిలబడే రకం.

పన్నెండులో ఎవరిదో క్లారినెట్.
ఆరు ఆవర్తాలు నూనె రాసినట్టు జారి
ఏడో దగ్గర తూలి
మళ్ళీ మొదటికి.
రోజూ. పొద్దున్న తొమ్మిదింటి నుంచి.
ఒకసారి బూటు విప్పి గోడ మీద కొట్టాను కూడా.
నిమిషం నిశ్శబ్దం.
తర్వాత అదే తప్పు, ఇంకా మెల్లగా.

చలికాలానికి అలవాటైపోయింది.
ఆ తడబాటు వినబడితేనే
నా గదిలో హీటర్ వేసినట్టుండేది.
"ఈమధ్య నీ తాళం కుదిరిందే, ఎలా?" అన్నారు
మా టీచర్ హెస్కెత్ గారు.
పక్కగదిలో ఒకరు తప్పుతారు,
సరిగ్గా అక్కడ నేను ఊపిరి తీసుకుంటాను
అని ఎలా చెప్పను?

మూడో ఏడు మార్చిలో ఆ చప్పుడు ఆగింది.
నేను గమనించేసరికి వారం దాటింది.
పన్నెండో నంబరు చెక్క
మేకుకి కదలకుండా వేలాడుతోంది.
"అద్దె," అన్నాడు ఆక్రాయిడ్ గారు,
టీ కప్పులోకి చూస్తూ. అంతే.

పట్టా వచ్చింది. గౌను అద్దెది.
తర్వాతది ఉద్యోగమనాలో తిరుగుడనాలో.
సోమవారం బ్రైగౌస్, మంగళవారం రెండు బళ్ళు,
శనివారం పెళ్ళి: వధువు ఆలస్యం,
ఒకే పాట అయిదుసార్లు.
దహనవాటికలో ఎనిమిది నిమిషాలు,
తర్వాతి కుటుంబం బయట గొడుగుల కింద.
మొహం కనబడకుండా తెర కట్టి వినే
ఆర్కెస్ట్రా పరీక్షలు నాలుగు.
నాలుగుసార్లూ తెర అవతల
ఒకే గొంతు: "థాంక్యూ."
జనవరిలో పన్ను లెక్కకి
చెప్పుల డబ్బా బోర్లిస్తే
ఏడాదంతా వాయించింది
రైలు టిక్కెట్లుగా, తీగల రసీదులుగా రాలింది.
సంగీతం కూడు పెడుతుందా అని
పిల్లల తల్లులు అడుగుతుంటారు.
పెడుతుందండీ.
కూర సంగతి నన్నడక్కండి.

ఈ బుధవారం టాడ్‌మార్డెన్ బడిలో
వాయిద్యాల బీరువా మొరాయించింది.
తొమ్మండుగురు పిల్లలు బయట,
తొమ్మిది బుల్లి వయొలిన్లు లోపల.
ఫోన్ చేస్తే ఒకావిడ వచ్చింది,
భుజాన పనిముట్ల సంచీ, ముంజేతికి గ్రీజు.
మోకాళ్ళ మీద కూర్చుని
తాళానికి చెవి ఆనించి
ఈల వేస్తూ పని మొదలుపెట్టింది.

ఆరు ఆవర్తాలు జారిపోయాయి.
ఏడో దగ్గర తూలింది.
మళ్ళీ మొదటికి.

నా చెయ్యి దానంతటదే
గోడ కోసం వెతికింది.
ఇన్నేళ్ళూ వాడు వాడు అనుకున్నాను, మనసులో.

మా భాషలో లయకీ, తలుపు బీగానికీ
ఒకటే మాట.
దాన్ని తెరిచేదాని పేరు చెవి.
ఇది ఆవిడకి ఏ భాషలో చెప్పను?
"పన్నెండా?" అన్నాను.

స్క్రూడ్రైవర్ ఆగింది.
వెనక్కి తిరక్కుండానే అడిగింది,
"బూటుతో కొట్టింది నువ్వేనా?"

బీరువా తెరుచుకుంది. పిల్లలు పెట్టెల మీద పడ్డారు.
బిల్లు రాసిచ్చింది:
గంటకి నాకిచ్చేదానికి సరిగ్గా రెట్టింపు.
నేను చెప్తే నవ్వింది, తర్వాత నవ్వలేదు.
క్లారినెట్ ఇంకా ఉందా అని అడగలేకపోయాను.
వ్యాన్ వెనక మిషన్ మీద
కొత్తగా కోసిన తాళం చెవి
తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

ఇంకా వేడిగా ఉంది.